సింగిల్‌ట్రాక్ మీద కళ్లు ఎక్కడ పెట్టాలి

నేను మొదటిసారి సింగిల్‌ట్రాక్ మీద, అంటే సైకిల్ తొక్కే సన్నని కొండబాట మీద, పడింది నిటారు దిగుడులో కాదు, బండరాళ్ల మధ్యా కాదు. చిన్నపిల్లలు కూడా తొక్కుకుంటూ పోయే చదును ముక్కలో. ఎడమ పక్కన చెట్లు పల్చబడి, కొండ కింద ఊరంతా అగ్గిపెట్టెలు పేర్చినట్టు కనిపించింది. నీళ్ల ట్యాంకు ఎక్కడుందా అని తల తిప్పాను. అది కనిపించేలోపే ముందు చక్రం బాట అంచు దిగింది, నేను పొదలో తేలాను. వెనక వస్తున్న మా తమ్ముడు సైకిల్ ఆపి, నన్ను లేపకముందే నవ్వాడు. "అక్కా, చూపు ఎటు పోతే సైకిలూ అటే పోతుందని చెప్పానా లేదా?"

చెప్పాడు. నేనే చెవిన పెట్టలేదు. అప్పటికి నాకు 42 ఏళ్లు. సైకిల్ తొక్కడం మూడో తరగతిలోనే వచ్చేసింది కదా, ఇప్పుడు కొత్తగా నేర్చుకోవడానికేముంది అనే ధీమా. ఆ తర్వాత ఆరేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం అదే బాట తొక్కుతున్నాను. ఊరి దగ్గర్లో కొండ మీదో అడవి అంచునో ఉన్న అందమైన సన్నబాటను మీరు మొదటిసారి తొక్కబోతుంటే, నేను పొదలో పడి నేర్చుకున్నవి మీకు పడకుండానే పనికొస్తాయేమో చూడండి.

ముందు ఒక లెక్క. గంటకు 15 కిలోమీటర్లంటే రోడ్డు మీద నత్తనడక. కానీ అది సెకనుకు నాలుగు మీటర్ల పైమాటే. రెండు సెకన్లు లోయ వైపు చూశామంటే ఎనిమిది మీటర్లు గుడ్డిగా తొక్కినట్టు. బాట వెడల్పేమో అర మీటరు, కొంచెం అటూ ఇటూ. అందుకని ఇలాంటి బాట మీద దృశ్యాలు చూడటానికి నాకు తెలిసింది ఒకటే పద్ధతి: ఆగి, కాలు కింద పెట్టి, తీరిగ్గా చూడటం.

ముందు ఒకసారి నడిచి రండి

సింగిల్‌ట్రాక్ అంటే ఒకరి వెనక ఒకరు తప్ప పక్కపక్కన పోలేనంత సన్నని బాట. జీపు తిరిగే మట్టిదారికి రెండు చక్రాల చాళ్లు ఉంటాయి కాబట్టి దాన్ని డబుల్‌ట్రాక్ అంటారు. డబుల్‌ట్రాక్ మీద ఒక చాలు బాగాలేకపోతే రెండో దానిలోకి మారొచ్చు. ఇక్కడ ఆ వీలుండదు. ఎదురొచ్చిన రాయినీ వేరునీ దాటాల్సిందే, లేదా దిగి నడవాల్సిందే. దిగి నడవడానికి సిగ్గుపడొద్దు. నేను ఇప్పటికీ మా బాటలో ఒక చోట దిగుతాను.

చాలా బాటల మొదట్లో కష్టం ఎంతో చెప్పే గుర్తు ఉంటుంది. 1988లో మొదలైన అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్, అదే ఇంబా, స్కీయింగ్ వాళ్ల గుర్తుల నమూనాలోనే వీటిని పెట్టింది. తెల్ల వలయం అన్నిటికన్నా తేలిక, తర్వాత ఆకుపచ్చ వలయం, నీలం చదరం, నల్ల డైమండ్, చివర రెండు నల్ల డైమండ్లు. వాళ్ల లెక్కలో నీలం బాట వెడల్పు 24 అంగుళాలకు తగ్గకుండా ఉంటుంది, సగటు వాలు 10 శాతం దాటదు. నల్ల డైమండ్ బాట 12 అంగుళాల దాకా సన్నబడొచ్చు. బ్రిటన్‌లో వరస వేరు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. కాబట్టి రంగు పేరు విని సంబరపడకుండా, మీరున్న చోట ఆ రంగుకు అర్థమేమిటో బోర్డు మీద చదవండి. సైకిళ్లకు అనుమతి ఉందో లేదో, ఒకే దిశలో తొక్కాలని ఉందో లేదో కూడా సాధారణంగా ఆ బోర్డు మీదే ఉంటుంది.

ఊరి దగ్గరి బాటకు ఒక పెద్ద లాభం ఉంది. ముందు రోజు నడిచి రావచ్చు. సైకిల్ ఏ దిశలో పోతుందో ఆ దిశలోనే నడవండి, వెనక్కి తిరిగొచ్చేటప్పుడు బాట వేరేలా కనిపిస్తుంది. మాది ఏడు కిలోమీటర్ల చుట్టు. మొదటిసారి నడిచినప్పుడు నేను ఫోన్లో రెండు రకాల చోట్లు గుర్తుపెట్టుకున్నాను. ఒకటి, భయం వేసిన చోట్లు: రెండు హెయిర్‌పిన్ మలుపులు, ఒక రాతి మెట్టు, వేర్లు అల్లుకుపోయిన ఒక మలుపు. రెండు, అందమైన చోట్లు: నాలుగు. ఈ రెండోది ఎవరూ చేయరు, నాకు మాత్రం అదే ఎక్కువ పనికొచ్చింది. ఆగే చోటు ముందే తెలిస్తే మనసు పీకదు. "ఇంకో 200 మీటర్లలో బల్లపరుపు బండ వస్తుంది, అక్కడ దిగి చూద్దాం" అనుకుంటే కళ్లు వాటంతట అవే బాట మీదికి వస్తాయి. ఆగినప్పుడు సైకిల్‌ని బాట మీంచి పక్కకు తీయడం మర్చిపోవద్దు, వెనకొచ్చేవాళ్లు మలుపు తిరగ్గానే మీరే అడ్డమవుతారు.

సైకిల్ సంగతి, ముఖ్యంగా గాలి

రోడ్డు సైకిల్ అలవాటున్న వాళ్లు మొదట చేసే తప్పు టైరు రాయిలా గట్టిపడేదాకా గాలి కొట్టడం. నేనూ అదే చేశాను. 45 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) కొట్టుకుని వెళితే ప్రతి గులకరాయీ నన్ను ఎగరేసింది, మలుపుల్లో టైరు మట్టిని పట్టుకోకుండా జారింది. మెత్తటి టైరు నేలకు అతుక్కుంటుంది, రాయి మీద కాస్త నలిగి మళ్లీ లేస్తుంది. నా బరువు 62 కిలోలు, టైర్లు 2.4 అంగుళాలవి, ట్యూబ్‌లెస్. ముందు 21, వెనక 23 పీఎస్ఐ పెడతాను. వెనక చక్రం మీద బరువెక్కువ పడుతుంది కాబట్టి ఆ రెండు పాయింట్ల తేడా. మీ బరువు ఎక్కువైతే కొంచెం పెంచుకోండి.

ట్యూబు ఉన్న టైరైతే మరీ ఇంత తగ్గించకూడదు. గాలి తక్కువుంటే ట్యూబు రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. పాము కాటులా ఉంటాయని దాన్ని స్నేక్‌బైట్ అంటారు. నా బరువుకు 28 నుంచి 30 దాకా ఉంచితే ఆ బాధ చాలావరకు తప్పింది. ట్యూబ్‌లెస్ వాళ్లకు వేరే జాగ్రత్త: లోపలి సీలెంట్, అంటే చిన్న చిల్లుల్ని పూడ్చే ద్రవం, కొన్ని నెలల్లో ఎండిపోతుంది. చక్రం ఊపితే లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకపోతే, కొత్తది పోసుకున్నాకే కొండెక్కండి. గాలి ఎంతుందో బొటనవేలితో నొక్కి చెప్పగలమనుకోవద్దు. చిన్న గేజ్ కొనుక్కోండి.

మిగతా సర్దుబాట్లు చకచకా చెప్పేస్తాను. బ్రేకు మీటను చూపుడువేలు ఒక్కదానితో పట్టేలా లోపలికి జరుపుకోండి, మిగతా వేళ్లు హ్యాండిల్‌ను పట్టుకోవడానికి కావాలి. సైకిల్‌కి డ్రాపర్ సీట్‌పోస్ట్ ఉంటే, అంటే మీట నొక్కితే సీటు దిగే ఏర్పాటు ఉంటే, దిగుడు రాకముందే సీటు దించేయండి. లేకపోతే పై నుంచి దిగేముందు ఆగి చేత్తోనే దించుకోండి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గాలితో పనిచేసే కుంగే రకమైతే, మామూలుగా నిలబడినప్పుడు అది కుంగగలిగే మొత్తం దూరంలో ఐదో వంతు దాకా కుంగాలి. హెల్మెట్ సంగతి చెప్పక్కర్లేదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పారేయాలి, లోపలి ఫోమ్ ఒక్క దెబ్బకే పనికొస్తుంది.

నిలబడటం, చూడటం

సింగిల్‌ట్రాక్ మీద చదునులోనూ దిగుడులోనూ కూర్చుని తొక్కేది తక్కువ, నిలబడి పోయేది ఎక్కువ. పెడళ్లు రెండూ నేలకు సమానంగా, ఒకటి ముందు, ఒకటి వెనక. ఒకటి కిందికి ఉందంటే రాయికి తగిలి సైకిల్ ఆగిపోతుంది, మీరు ఆగరు. మోకాళ్లు, మోచేతులు వంగి ఉండాలి. బరువంతా పాదాల మీద, చేతుల మీద కాదు. సరిగ్గా నిలబడ్డారో లేదో తెలుసుకోవడానికి మా తమ్ముడు చెప్పిన కిటుకు: వెళుతూ వెళుతూ ఒక క్షణం హ్యాండిల్ మీద వేళ్లు వదులు చేయండి. ముందుకు పడిపోతున్నట్టనిపిస్తే బరువు ముందుకుంది, చేతులు లాగుతున్నట్టనిపిస్తే మరీ వెనక్కి పోయారు. చదును నేల మీద పది నిమిషాలు ఇది ఆడుకుంటే చాలు, ఒంటికి పట్టుకుంటుంది.

ఇక కళ్లు. కొత్తలో అందరం ముందు చక్రాన్నే చూస్తాం. చక్రం దగ్గర జరిగేదాన్ని చూసి చేయగలిగిందేమీ లేదు, అప్పటికే ఆలస్యం. మెల్లగా పోతున్నప్పుడు ఐదారు మీటర్లు, వేగం పెరిగితే పది పదిహేను మీటర్లు ముందుకు చూడాలి. ఒకే చోట గుచ్చి చూడటం కాదు. దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి, మళ్లీ దూరంగా. రాతి మెట్టు కనిపించిందనుకోండి, దూరం నుంచే దాన్ని చూసి ఎక్కడ దాటాలో తేల్చుకుని, దగ్గరికొచ్చేసరికి చూపును దాని అవతలికి పంపేయాలి.

అన్నిటికన్నా కష్టమైంది, వద్దనుకున్న దాన్ని చూడకుండా ఉండటం. బాట మధ్యలో ఒక రాయి, దాని కుడి పక్కన జానెడు ఖాళీ ఉందనుకోండి. భయపడి రాయిని చూస్తే తల అటే ఉంటుంది, భుజాలు తలను అనుసరిస్తాయి, హ్యాండిల్ భుజాలను అనుసరిస్తుంది. చివరికి రాయికే గుద్దుకుంటాం. ఆ జానెడు ఖాళీనే చూడండి. మొదట్లో నేను పైకే చెప్పుకునేదాన్ని, "ఖాళీ, ఖాళీ, ఖాళీ" అని. ఎదురొచ్చిన నడకవాళ్లు వింతగా చూసేవారు, చూడనీయండి. లోయ అంచున పోయే ముక్కలో కూడా ఇంతే. లోయను చూడొద్దు, కొండ వైపు గోడనూ చూడొద్దు, మధ్యలో తొక్కిన జాడ ఉంటుంది చూడండి, దాన్ని పట్టుకోండి.

ఎక్కుడు, హెయిర్‌పిన్

ఎక్కుడు మొదలయ్యాక గేరు మార్చకండి. చైను మీద బరువు పడ్డాక మారిస్తే అది కటకటమని అరుస్తుంది, ఒక్కోసారి తెగుతుంది. ఎక్కుడు కనిపించగానే, ఇంకా చదునులో ఉండగానే తేలిక గేరులోకి రండి. నిటారుగా ఉంటే సీటు ముందు కొసకి జరిగి, ఛాతీ కిందికి దించి, మోచేతులు నేల వైపుకి వంచండి. ముందు చక్రం లేస్తోందంటే ఇంకొంచెం ముందుకు, వెనక చక్రం మట్టిలో గిర్రున తిరుగుతోందంటే ఇంకొంచెం వెనక్కి. ఈ రెండింటి మధ్య సందు రెండు మూడు అంగుళాలే, దొరకడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఎక్కుడులో వచ్చే హెయిర్‌పిన్ దగ్గర చాలామంది లోపలి అంచుకు అతుక్కుని తిరగబోయి ఆగిపోతారు, ఎందుకంటే లోపలి అంచే బాగా నిటారు. బయటి అంచు దాకా వెళ్లి, వెడల్పుగా తిరగండి. తలను మలుపు దాటాక కనిపించే బాట వైపుకి పూర్తిగా తిప్పేయాలి, గడ్డం భుజానికి ఆనేంత. మొదటిసారి మెడ పట్టేసినట్టుంటుంది. కాళ్లు ఆపొద్దు, వెనక బ్రేకు కొద్దిగా పట్టుకుని తొక్కితే అంత మెల్లగానూ బ్యాలెన్స్ నిలుస్తుంది.

దిగుడు, బ్రేకులు

1976 అక్టోబరు 21న కాలిఫోర్నియాలోని ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్కన కొండ మీద కొందరు కుర్రాళ్లు పాత బరువు సైకిళ్లతో దిగుడు పందెం పెట్టుకున్నారు. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది, చక్రం మధ్యలోని హబ్బులో. సుమారు 400 మీటర్ల ఎత్తు నుంచి దిగేసరికి బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజంతా కాలి పొగలయ్యేది. మళ్లీ కొత్త గ్రీజు నింపితేనే ఇంకోసారి తొక్కడం. అందుకే ఆ పందేనికి రీప్యాక్, అంటే మళ్లీ నింపడం, అని పేరు వచ్చింది. మౌంటెన్ బైకింగ్‌కి ఆద్యులుగా చెప్పుకునే చార్లీ కెల్లీ, గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ ఆ గుంపులోవాళ్లే. మరుసటేడాది జో బ్రీజ్ కొండల కోసమే ఒక సైకిల్ తయారుచేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి ఈ ఆట అక్కడికీ చేరింది.

ఇప్పటి డిస్క్ బ్రేకుల్లో కాలే గ్రీజు లేదు కానీ, ఆపకుండా బ్రేకు పట్టుకునే అలవాటు మాత్రం మనకింకా ఉంది. నేను మొదటి దిగుడంతా రెండు మీటలూ పిసుకుతూ దిగాను. కిందికొచ్చేసరికి ముంజేతులు బిగుసుకుపోయి సీసా మూత తీయలేకపోయాను. బ్రేకు పడ్డ చక్రానికి తిరిగే సత్తువ, మట్టిని పట్టుకునే సత్తువ రెండూ తగ్గుతాయి. కంకర మీదో మలుపు మధ్యలోనో బ్రేకు వేస్తే జారేది అందుకే. నేల గట్టిగా, తిన్నగా ఉన్నచోట గట్టిగా వేసి వేగం తగ్గించుకోండి. రాళ్లలోకీ మలుపులోకీ వచ్చేసరికి వదిలేయండి. ఆపేదంతా ప్రధానంగా ముందు బ్రేకే. ముందు బ్రేకంటే భయపడి వెనకదే లాగితే చక్రం బిగుసుకుని జారుతుంది, బాట కూడా చెక్కుకుపోతుంది. ముందు బ్రేకును ఒక్కసారిగా నొక్కకుండా, మడమలు కిందికి దించి, తుంటి కొద్దిగా వెనక్కి పంపి, మెల్లగా బిగించండి.

తడి వేరు మాత్రం వీటిలో దేనికీ లొంగదు. తిన్నగా కాకుండా ఏటవాలుగా దాని మీదికి పోతే చక్రం సబ్బు మీద పడ్డట్టే. వీలైనంత తిన్నగా, బ్రేకు పట్టకుండా, తొక్కకుండా దాటండి. వాన పడి బాట మెత్తగా ఉంటే ఆ రోజు వెళ్లకపోవడమే మేలు. టైరు జాడ మట్టిలో దిగబడి కనిపిస్తోందంటే వెనక్కి తిరగండి. ఆ జాడలో తర్వాత వాన నీరు పారి బాటను కోసేస్తుంది, పూడ్చేది ఎవరో స్వచ్ఛందంగా వచ్చి పార పట్టేవాళ్లు.

ఊరి దగ్గరి బాట కదా, మనుషులుంటారు. నడిచేవాళ్లకూ గుర్రాలకూ సైకిలే దారివ్వాలి, దిగే సైకిల్ ఎక్కే సైకిల్‌కి దారివ్వాలి. ఎక్కుతున్నవాళ్లు ఒకసారి ఆగితే ఆ వాలులో మళ్లీ కదలడం కష్టం. మలుపు ముందు చిన్న గంట కొట్టండి. నేను గంటతో పాటు "ఇద్దరం వస్తున్నాం" అని చెబుతాను, ఒకరు పోగానే నడకవాళ్లు మళ్లీ బాట మధ్యలోకి వచ్చేస్తారు కాబట్టి.

సంచిలో ఏముండాలి

ఒకసారి నాలుగో కిలోమీటరు దగ్గర నా చైను తెగింది. నా దగ్గర చైను విప్పే పనిముట్టు ఉంది, అతికించే క్విక్ లింక్ లేదు. ఇంకొకాయన ఆగి తన లింక్ ఇచ్చాడు. అది 11 గేర్ల చైనుది, నాది 12. పట్టలేదు. మిగతా మూడు కిలోమీటర్లు సైకిల్‌ని నడిపించుకుంటూ వచ్చాను. అందుకని మీ చైనుకు సరిపోయే లింక్ ఒకటి చూసి కొనుక్కుని సంచిలో పడేయండి. ఒక ట్యూబు (ట్యూబ్‌లెస్ అయినా సరే), పంపు, టైరు ఊడదీసే మీటలు, మల్టీటూల్, డిరైల్లర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే డిరైల్లర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి. హ్యాంగర్ ప్రతి మోడల్‌కీ వేరు, ఆపదలో పక్కవాళ్లది పనికిరాదు. టైరు పక్క గోడ చిరిగితే లోపల నుంచి అడ్డం పెట్టడానికి పాత టైరు ముక్క. గంటకు అర లీటరు లెక్కన నీళ్లు, ఎండైతే ఇంకా. ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి, మ్యాప్ ఫోన్లో ముందే దించుకోండి. కొండ మడతల్లో సిగ్నల్ పోయేది దారి తప్పినప్పుడే.

తిరిగొచ్చాక సైకిల్‌ని ప్రెషర్ గన్‌తో కడగకండి, నీళ్లు బేరింగుల్లోకి దూరిపోతాయి. బకెట్ నీళ్లు, బ్రష్, పాత గుడ్డ చాలు. చైనుకు నూనె వేసేటప్పుడు డిస్క్ మీద చుక్క కూడా పడనివ్వొద్దు. పడితే బ్రేకు కీచుమంటుంది, పట్టు పోతుంది, ప్యాడ్లు మార్చాల్సి వస్తుంది. మర్నాడు పొద్దున టైర్లు ఒకసారి నొక్కి చూడండి. కంటికి కనిపించని ముల్లు రాత్రంతా మెల్లగా గాలి తీసేస్తుంది. నాకు చాలా పంక్చర్లు బాట మీద కాదు, సోమవారం పొద్దున గోడకానించిన సైకిల్ దగ్గరే తెలిశాయి.